గీజరు గొట్టం – మంచినీటి భద్రత

సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే దోముహానీకి ఆనుకొని ఉన్న సోనారిలో చలికాలపు రాత్రులు కోస్తా జిల్లాల నుండి వచ్చినవారికి కఠినంగానే తోస్తాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు జారే రోజులు కూడా ఉంటాయి. తెల్లవారుజామున టాటానగర్ స్టేషనుకు బయలుదేరవలసిన లోకో పైలట్‌కు, రాత్రి డ్యూటీ ముగించి ఇల్లు చేరే పాయింట్స్‌మన్‌కు, మంచులో పట్టాలు తనిఖీ చేసి వచ్చే ట్రాక్ మెయింటెయినర్‌కు, సంచి భుజాన వేసుకొని వీధి వీధీ తిరిగి వచ్చే పోస్టుమన్‌కు బకెట్టెడు వేడినీళ్ళు విలాసం కావు, అవసరం. ఒకనాడు అధికారుల బంగళాలకే పరిమితమైన గీజరు నేడు సామాన్య ఉద్యోగి ఇంటిలో కూడా కనబడుతున్నది. అందుకు మనమందరం సంతోషించవలసినదే.

కాని ఆ గీజరును ఎవరు బిగించారు, ఎట్లా బిగించారు, దాని గొట్టాలు ఏ నీటితో కలిశాయి అన్న ప్రశ్నను మనలో ఎందరు వేసుకున్నారు? వేడినీళ్ళ కోసం సక్రమంగా బిగించని గొట్టాలు ఇంటిలోని తాగేనీటిని పాడుచేయగలవు. ఇంజనీర్లకు, వైద్యులకు ఇది ఏనాడో తెలిసిన సంగతి. ఆ నీటిని తాగే కుటుంబాలకు మాత్రం చెప్పేవారు లేరు. ఈ సంచికలో ఆ పనికి పూనుకున్నాము.

పాత పింఛను పునరుద్ధరణ, ఖాళీల భర్తీ వంటి మహా సమస్యలుండగా సంపాదకీయం గీజరును గురించియా అని కొందరు సోదరులు నవ్వవచ్చును. వారికి మా జవాబు ఒక్కటే. జీతం పెరగాలని పోరాడేది కుటుంబం ఆరోగ్యంగా బ్రతకడానికే. పచ్చకామెర్లు సోకి ఇంటి యజమాని నెల రోజులు మంచం పట్టినప్పుడు, పసిబిడ్డ విరేచనాలతో రైల్వే ఆసుపత్రిలో చేరినప్పుడు, పోరాడి సాధించుకున్న కరువు భత్యం మందులకే చాలదు. పైగా ఈ సమస్య మూలాలు వెదకుతూ పోతే అవి కూడా ఖాళీల వద్దకు, కాంట్రాక్టు పద్ధతి వద్దకే చేరుతాయి. అది ఎట్లాగో ముందు ముందు వివరిస్తాము.

కాగు నుండి గీజరు దాకా

1912లో ఇక్కడ ఉక్కు ఉత్పత్తి మొదలైనది. ఆ తరువాతి దశాబ్దాలలో పొట్ట చేతపట్టుకొని శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి రైలెక్కి వచ్చినవారి సంతానమే నేడు ఈ నగరంలోని తెలుగు కుటుంబాలలో పెక్కుమంది. ఆ పెద్దల ఇళ్ళలో నీటికి రెండు తావులుండేవి. తాగేనీరు వంటింట్లో మూతపెట్టిన ఇత్తడి బిందెలో ఉండేది. స్నానపు నీరు పెరట్లో పొయ్యి మీది రాగి కాగులో ఉండేది. రెండింటి నడుమ పది అడుగుల నేల ఉండేది. కాగులో ముంచిన చెంబును బిందెలో ముంచితే ఇల్లాలు ఊరుకొనేది కాదు. ఆమె పాఠశాలలో ఆరోగ్యశాస్త్రం చదువుకొని ఉండకపోవచ్చును. అయినా ఆ శాస్త్రంలోని మొదటి సూత్రాన్ని ఆమె ఆచరించేది.

నేడు బిందె స్థానంలో కొళాయి, కాగు స్థానంలో గీజరు వచ్చాయి. పది అడుగుల నేల పోయి గోడలో దాగిన అర అంగుళం గొట్టం వచ్చినది. ఆ గొట్టం వంటింటినీ, స్నానాల గదినీ, పాయిఖానానూ ఒకే దారాన గుచ్చినది. ఇప్పుడు తాగేనీటిని వాడుకనీటి నుండి వేరుచేసి ఉంచేది బొటనవ్రేలంత వాల్వు ఒక్కటే. అది అసలు ఉన్నదా, ఉంటే పనిచేస్తున్నదా అన్నది గోడ బయటి నుండి చూసేవారికి తెలియదు.

నీరు వెనక్కి నడిచే విధం

నీరు ఎల్లప్పుడూ ట్యాంకు నుండి కొళాయి వైపుకే పారుతుందని మన నమ్మకం. నీటికి అటువంటి నియమమేమీ లేదు. ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి పోవడమే దాని ధర్మం. ఒత్తిడి తారుమారైన క్షణంలో నీరు వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. గీజరు ఉన్న ఇంటిలో ఇది మూడు విధాలుగా జరుగుతుంది.

మొదటిది, వేడి వలన జరిగే వ్యాకోచం. 25 లీటర్ల గీజరులోని నీటిని 15 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడిచేస్తే అది సుమారు 400 మిల్లీలీటర్ల మేర పెరుగుతుంది. కొళాయిలన్నీ కట్టి ఉన్నప్పుడు ఆ నీరు పోవడానికి దారి కావాలి. చన్నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం మీద నాన్-రిటర్న్ వాల్వు లేకపోతే ఆ నీరు వచ్చిన దారినే తిరిగి వెళ్ళి చన్నీళ్ళ గొట్టంలో కలుస్తుంది. వాల్వు పెట్టి, అధిక ఒత్తిడిని వదిలే సేఫ్టీ వాల్వు పెట్టకపోతే గీజరే పగిలే ప్రమాదం ఉన్నది. కనుక ఈ రెండూ జంటగా ఉండవలసినవే. నేడు రెండు పనులనూ ఒక్కటే చేసే వాల్వు గీజరుతోపాటు పెట్టెలో వస్తున్నది. తొందరలో బిగించేవారు దానిని పక్కన పడవేయడం, లేదా దాని నుండి నీటి చుక్కలు పడుతున్నవని దాని నోరు మూసివేయడం కద్దు. ఆ చుక్కలు పడడమే దాని పని అని ఇంటివారికి ఎవరూ చెప్పరు.

రెండవది, వెనక్కి పీల్చుకోవడం. సోనారిలో ఒక మూడంతస్తుల అద్దె ఇల్లు ఉన్నదనుకుందాము. మేడమీది ట్యాంకు ఖాళీ అయినది. పై అంతస్తులో ఎవరో చేతి షవరును సబ్బునీళ్ళ బకెట్టులో వదిలి వెళ్ళారు. పక్కనే పాయిఖానాలో చేతి జెట్టు కమోడులోకి జారి ఉన్నది. క్రింది అంతస్తులో ఒక ఇల్లాలు బియ్యం కడగడానికి కొళాయి విప్పినది. గొట్టంలో మిగిలి ఉన్న నీరు క్రిందికి జారుతూ పైనుండి పీలుస్తుంది. బకెట్టులోని మురికినీరు, కమోడులోని నీరు, గీజరు అడుగున పేరుకొన్న తుప్పు ఆ గొట్టంలోకి లాగబడతాయి. ఆమెకు కనిపించేది రవ్వంత మసక రంగు మాత్రమే. ఒక్కొక్కప్పుడు అదీ కనిపించదు.

మూడవది మిక్సర్ కొళాయి వలన కలిగేది. అన్నిటికంటె మోసకారి అదే. చాలా ఇళ్ళలో రెండు రకాల నీరు ఉంటుంది. నదినీటిని శుద్ధిచేసి సరఫరా చేసే మంచినీరు వంటింటికి, బోరునీరు స్నానాల గదికి వెళతాయి. గీజరు స్నానాల గదిలో ఉంటుంది గనుక దానికి బోరునీటి గొట్టం ఇస్తారు. తరువాత వంటింటి సింకులో కూడా వేడినీళ్ళుంటే బాగుంటుందని గీజరు నుండి ఒక గొట్టం లాగి, అక్కడ మిక్సర్ పెడతారు. అంతటితో బోరునీరూ, మంచినీరూ ఒక కొళాయి పొట్టలో ముఖాముఖీ నిలబడ్డాయి. మిక్సర్ లోపలి రబ్బరు అరిగినా, రెండు పిడులూ విప్పి ఉంచి చివరన నీటిని ఆపినా, ఒత్తిడి ఎక్కువగా ఉన్న నీరు రెండవ గొట్టంలోకి దూరుతుంది. ఇల్లంతటికీ మంచినీరు వస్తున్నదనుకొనే కుటుంబం తనకు తెలియకుండానే బోరునీరు తాగుతుంది. ఆ బోరు పక్కన సెప్టిక్ ట్యాంకు ఉన్నట్లయితే పర్యవసానం చెప్పనవసరం లేదు.

ఇంకొక సంగతి. నీరు వేడెక్కిన కొద్దీ అందులోని క్లోరిను త్వరగా హరించిపోతుంది. సరఫరా నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. గొట్టాలలో ప్రవేశించే క్రిములను చంపే కాపలాదారు ఆ మిగిలిన క్లోరినే. గోరువెచ్చగా గొట్టాలలో నిలిచిపోయిన నీటిలో ఆ కాపలాదారు ఉండడు. 25 నుండి 45 డిగ్రీల వేడిలో లెజియొనెల్లా అనే క్రిమి హాయిగా వృద్ధి పొందుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల మహాసభకు వచ్చినవారిలో న్యుమోనియా ప్రబలి, ముప్ఫైమంది దాకా మరణించిన పిమ్మట ఈ క్రిమి బయటపడినది. తాగడం వలన కంటె షవరు తుంపరలను పీల్చడం వలన అది ఊపిరితిత్తులకు చేరుతుంది. అందుచేతనే వేడినీటిని 60 డిగ్రీల వద్ద నిలవ ఉంచాలని నిపుణులు చెబుతారు. కరెంటు ఆదా కోసం థర్మోస్టాటును 40 వద్ద ఉంచడం, మబ్బు రోజులలో సోలార్ హీటరులోని గోరువెచ్చని నీటినే వాడడం మంచిది కాదు.

గొట్టాలలో రకాలు

నీరు వెనక్కి నడవకపోయినా, గొట్టమే నీటిని పాడుచేసే సందర్భాలున్నాయి. చన్నీళ్ళకు వాడే యు.పి.వి.సి. గొట్టం 45 డిగ్రీలకు మించిన వేడికి తగినది కాదు. వేడినీళ్ళకు సి.పి.వి.సి. గొట్టం గాని, తగిన లోహపు గొట్టం గాని వేయవలెను. రెండింటికీ ధరలో తేడా ఉన్నది. బిల్లులో ఒకటి వ్రాసి గోడలో మరొకటి పెట్టడానికి ఆ తేడాయే ప్రేరణ. మెత్తబడిన గొట్టం అతుకుల వద్ద విడిపోతుంది. విడిపోయిన అతుకు నీటిని బయటకు వదలడమే కాక, ఒత్తిడి తగ్గినప్పుడు గోడలోని చెమ్మనూ, పక్కనున్న మురుగునూ లోపలికి పీలుస్తుంది. ఇనుప గొట్టానికి నేరుగా రాగి గొట్టం కలిపితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. జింకు పూత వేడినీటిలో ఎక్కువకాలం నిలవదు.

అన్నిటినీ మించినది సీసం. పాత అతుకు లోహాలలోనూ, కొన్ని ఇత్తడి సామగ్రిలోనూ సీసం ఉంటుంది. చన్నీటికంటె వేడినీరు దానిని ఎక్కువగా కరిగించుకుంటుంది. సీసానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. నీటిని మరిగించినా అది పోదు. గ్యాసు ఆదా అవుతుందని గీజరు నీళ్ళనే ఎసట్లో పోసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉన్నది. ఆ అలవాటును నేటి నుండే మానవలసినదని అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు మా మనవి.

చరిత్ర చెప్పే పాఠాలు

ఇవి పుస్తకాలలోని భయాలు కావు. 1933లో చికాగో నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగినది. దేశం నలుమూలల నుండి జనం వచ్చి హోటళ్ళలో దిగారు. వారిలో సుమారు 1,400 మందికి అమీబిక్ విరేచనాలు సోకాయి. 98 మంది మరణించారు. విచారణలో తేలినదేమిటి? నగరపు నీరు మంచిదే. రెండు హోటళ్ళలోని పాత గొట్టాలలో మురుగుకూ, నీటికీ సంబంధం ఏర్పడినది. వ్యాధి బయటపడడానికి వారాలు పట్టడం వలన అప్పటికే అతిథులు తమ తమ ఊళ్ళు చేరుకున్నారు. ఎక్కడ అంటినదో తెలియక ఎక్కడెక్కడి వైద్యులో తికమకపడ్డారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత నీటి విషయంలోనూ నిజమే. నగరం చివర ఎంత గొప్ప శుద్ధి కేంద్రమున్నా, ఇంటి లోపలి గొట్టంలో కలిసే మురికిని అది ఆపలేదు.

గొట్టంలోకి మురుగు చొరబడితే ఏమవుతుందో మన తెలుగు నగరాలకు కూడా అనుభవమే. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరులోనూ తాగునీటి గొట్టాలలో మురుగు కలిసి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండూ వీధి గొట్టాలలో జరిగినవి. ప్రభుత్వం కదిలినది, పత్రికలు వ్రాసినవి. అదే మురికి ఒక ఇంటి గోడలో కలిస్తే పత్రికలకు ఎక్కదు. ఆ ఇంటివారి కర్మ అని సరిపెట్టుకోవడం జరుగుతుంది.

హాంగ్‌కాంగ్ ఉదంతం మనకు మరీ దగ్గరిది. 2015 జూలైలో అక్కడ ప్రభుత్వం సామాన్యుల కోసం కొత్తగా కట్టిన కై చింగ్ గృహ సముదాయంలోని తాగునీటిలో సీసం ఎక్కువగా ఉన్నదని బయటపడినది. వెదకగా ఇటువంటివి 11 సముదాయాలు తేలాయి. రాగి గొట్టాలను అతకడానికి నిషిద్ధమైన సీసపు లోహం వాడారు. విచారణ సంఘం 2016లో నివేదిక ఇస్తూ, ఇది ఏ ఒక్కరి తప్పూ కాదనీ, సంబంధితులందరి ఉమ్మడి వైఫల్యమనీ తేల్చినది. గృహనిర్మాణ సంస్థ ప్రధాన కాంట్రాక్టరును నమ్ముకున్నది. ప్రధాన కాంట్రాక్టరు ఉప కాంట్రాక్టరును నమ్ముకున్నాడు. అతుకులో ఏ లోహం కరిగినదో చూడవలసిన కన్ను మాత్రం ఎక్కడా లేదు.

తప్పు ఎవరిది?

ఇక మన క్వార్టర్ల సంగతికి వద్దాము. ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్ క్రింద శాఖకు చెందిన పైపు ఫిట్టర్లు, ఖలాసీలు ఉండేవారు. ఏ క్వార్టరులో ఏ గొట్టం ఎటు పోతున్నదో వారికి కంఠస్థం. నేడు ఆ అధికారి పదవి పేరు సీనియర్ సెక్షన్ ఇంజనీరుగా మారినది. పదవీ విరమణ చేసిన ఫిట్టరు స్థానంలో కొత్త ఫిట్టరు రావడం అరుదైనది. చిన్న మరమ్మతులు సైతం జోనల్ కాంట్రాక్టుకు పోతున్నాయి. కాంట్రాక్టరు తక్కువ ధరకు టెండరు వేస్తాడు. ఆ లోటును సామగ్రిలోనూ, కూలిలోనూ పూడ్చుకుంటాడు. అతడు పంపిన కుర్రవానికి శిక్షణ ఉండదు, భద్రతా సామగ్రి ఉండదు. రోజుకు ఇన్ని ఇళ్ళు ముగించాలన్న ఒత్తిడి మాత్రం ఉంటుంది. వాల్వు పెట్టకుండా వెళ్ళిన ఆ కుర్రవానిని నిందించి చేతులు దులుపుకొనేవారితో మేము ఏకీభవించము. అతడూ మనవంటి శ్రామికుడే. ఐ.టి.ఐ.లో ప్లంబరు శిక్షణ ఒక సంవత్సరం. ఆ సంవత్సరం అతనికి దక్కనీయక, దక్కినవానికి తగిన వేతనం ఇవ్వక, పని మాత్రం సక్రమంగా ఉండాలనడం న్యాయం కాదు.

తపాలా సోదరుల పరిస్థితి మరొక విధం. క్వార్టర్లు కొద్దిమందికే దక్కుతాయి. మిగిలినవారు సోనారి, కద్మా, జుగ్‌సలాయి, మాంగో వంటి చోట్ల అద్దెకుంటారు. నీటి సరఫరా సంస్థ బాధ్యత ఇంటి కనెక్షను వద్ద ముగుస్తుంది. అక్కడి నుండి కొళాయి దాకా ఇంటి యజమానిది. యజమాని తక్కువకు వచ్చినవానిని పిలుస్తాడు. అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని అద్దెకున్నవారు అడగరు. 2016 నాటి జాతీయ భవన నియమావళిలో నీటి గొట్టాలను గురించి ప్రత్యేక భాగమే ఉన్నది. తాగేనీటి గొట్టానికి మరే ఇతర నీటితోనూ సంబంధం ఉండకూడదన్నది అందులోని మూల సూత్రం. పురపాలక నిబంధనలలో చేర్చి, తనిఖీ చేసేవారుంటేనే అటువంటి సూత్రానికి ప్రాణం వస్తుంది. లేనిచో అది బీరువాలోని పుస్తకం.

ఇళ్ళతోపాటు రన్నింగ్ రూములనూ, ఆర్.ఎం.ఎస్. విశ్రాంతి గృహాలనూ మరువరాదు. ఒక్కొక్క గీజరు రోజుకు పదిమందికి పనిచేసే చోట్లవి. ఎవరి ఇల్లూ కాదు గనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. అక్కడ నీరు తాగి జబ్బు పడిన ఉద్యోగి మరొక డివిజనుకు వెళ్ళిపోతాడు. చికాగో హోటళ్ళలో జరిగినది ఇదే కదా?

యాజమాన్యం వద్ద రెండు సమాధానాలు సిద్ధంగా ఉంటాయని మాకు తెలుసు. మొదటిది, గీజరు ఉద్యోగి సొంతంగా పెట్టుకున్నది కనుక తమకు సంబంధం లేదన్నది. గీజరు ఉద్యోగిది కావచ్చును, గొట్టం శాఖది. ఒక ఇంటి గీజరు నీరు గోడ దాటి పొరుగింటికి పోగలదని పైన వివరించాము. కనుక ఇది సొంత వ్యవహారం కానేరదు. రెండవది, నిధులు లేవన్నది. క్వార్టరులో ఉన్న ఉద్యోగి ఇంటి అద్దె భత్యాన్ని వదులుకుంటున్నాడు. ఆపైన లైసెన్సు ఫీజు చెల్లిస్తున్నాడు. రెండు చేతులా చెల్లించినవాడు సురక్షితమైన నీటిని కోరడం యాచన కాదు. ఒక వాల్వు ఖరీదు, ఒక శిక్షితుని గంట శ్రమ ఎంత? ఒక కామెర్ల రోగి ఆసుపత్రి ఖర్చు, సెలవు దినాలు ఎంత? ఈ లెక్క వేయడానికి అకౌంట్సు శాఖ అక్కరలేదు.

మన కోర్కెలు

ఈ విషయమై శాఖలన్నీ తమ తమ పరిధిలో ఈ క్రింది కోర్కెలను ముందుకు తేవలెనని సూచిస్తున్నాము.

1. క్వార్టర్లలోనూ, రన్నింగ్ రూములలోనూ, విశ్రాంతి గృహాలలోనూ ఉన్న ప్రతి గీజరునూ, సోలార్ హీటరునూ శిక్షణ పొందిన పైపు ఫిట్టరు చేత సంవత్సరానికొకసారి తనిఖీ చేయించి, ఆ తేదీని గీజరు పక్కనే వ్రాయించవలెను.

2. నాన్-రిటర్న్ వాల్వు, సేఫ్టీ వాల్వు లేని ప్రతి గీజరుకూ శాఖ ఖర్చుతో వాటిని అమర్చవలెను.

3. తాగేనీరు, బోరునీరు రెండూ ఉన్న భవనాలలో రెండింటినీ పూర్తిగా వేరుచేయవలెను. వాటిని కలిపే అడ్డగొట్టాలను తొలగించవలెను. గేటు వాల్వు కట్టి ఉంచాము గదా అన్న జవాబు చాలదు.

4. పాత నివాసి ఖాళీ చేసి, కొత్త నివాసి చేరకముందు గొట్టాలను కడిగి, నీటిలో మిగిలిన క్లోరినునూ, క్రిములనూ పరీక్షించి ఫలితాన్ని చేతికివ్వవలెను.

5. ఖాళీగా ఉన్న పైపు ఫిట్టరు పోస్టులను భర్తీ చేయవలెను. కాంట్రాక్టు పనిలో ఐ.టి.ఐ. అర్హత గలవానినే నియమించాలనీ, అతనికి చట్టబద్ధమైన వేతనం చెల్లించాలనీ టెండరు షరతులలో చేర్చవలెను.

6. పని ముగిసిన పిమ్మట కాలనీ సంఘ ప్రతినిధి సమక్షంలో పరీక్షించిన తరువాతనే బిల్లు చెల్లించవలెను.

రైల్వేలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం సమావేశాలున్నాయి, కాలనీ సంరక్షణ సంఘాలున్నాయి. తపాలా శాఖలోనూ నియత కాలిక సమావేశాలున్నాయి. ఈ అంశాన్ని ఆయా అజెండాలలో చేర్చవలసినది శాఖా కార్యదర్శులే. ఏ బ్లాకులో, ఎన్ని గీజర్లు, ఎన్నింటికి వాల్వులు లేవు అన్న వివరాలు కాగితం మీద పెట్టి కూర్చున్న ప్రతినిధికి అధికారి మాట దాటవేయలేడు. ఉత్త నినాదంతో వెళ్ళినవానికి ఉత్త హామీయే దక్కుతుంది.

ఈలోగా ఇంటింటా

కోర్కెలు నెరవేరేదాకా కుటుంబాలు ప్రమాదంలో ఉండరాదు. పనిముట్లు లేకుండా ఎవరైనా చేయదగిన పరీక్షలు రెండున్నాయి.

మొదటి పరీక్ష: వేడినీళ్ళ కొళాయిలన్నీ కట్టి, గీజరును అరగంట సేపు వేయండి. తరువాత దగ్గరలోని చన్నీళ్ళ కొళాయి విప్పండి. మొదట గోరువెచ్చని నీరు వచ్చినట్లయితే గీజరు నీరు వెనక్కి వస్తున్నదన్నమాట. వాల్వు లేదు, లేదా పాడైనది.

రెండవ పరీక్ష: స్విచ్చి ఆపి, గీజరుకు చన్నీళ్ళు వచ్చే చిన్న వాల్వును కట్టివేయండి. వేడినీళ్ళ కొళాయి విప్పండి. కొద్దిసేపటిలో ధార ఆగిపోవలెను. ఆగకుండా వస్తూనే ఉంటే మరొక గొట్టం నుండి నీరు దొంగదారిన వచ్చి కలుస్తున్నది. మిక్సర్లను అనుమానించండి. పరీక్ష అయిన తరువాత ఆ వాల్వును తిరిగి విప్పి, కొళాయిలో నీరు నిండుగా వచ్చిన పిమ్మటనే స్విచ్చి వేయండి.

సేఫ్టీ వాల్వు గొట్టపు నోరు నేలవైపు తెరచి ఉండవలెను. దానిని మూయరాదు, మురుగు నీటిలో మునిగేటట్లు పెట్టరాదు. చేతి షవరును బకెట్టులో వదలరాదు. పాయిఖానా జెట్టును కొక్కేనికి తగిలించి, దాని వెనుక వాల్వును కట్టివేయవలెను. తాగడానికీ, వంటకూ చన్నీళ్ళ కొళాయి నీటినే, అదీ ఉదయాన్నే కొంతసేపు వదిలిన తరువాతనే పట్టుకోవలెను. గీజరు నీరు వేడిగా ఉన్నది గనుక క్రిములు చచ్చి ఉంటాయన్నది భ్రమ. తాగేనీరు పొయ్యి మీద తెర్లి మరగవలెను. థర్మోస్టాటు 60 వద్ద ఉంచండి. ఆ నీరు ఒంటిని కాల్చగలదు గనుక బకెట్టులో ముందు చన్నీళ్ళు పోసి, తరువాత వేడినీళ్ళు కలపండి. పిల్లలను ఆ కొళాయి దగ్గరకు పోనీయకండి. వాల్వులు మార్చే పని మాత్రం సొంతంగా చేయవద్దు. కరెంటుతోనూ, ఒత్తిడితోనూ కూడిన పని అది.

పక్కపక్క ఇళ్ళలో ఒకే వారంలో ఇద్దరికి కామెర్లు గాని, విరేచనాలు గాని వచ్చినట్లయితే దానిని కాకతాళీయమని వదిలివేయకండి. హెల్త్ ఇన్‌స్పెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేసి, ఆ ప్రతిని యూనియను కార్యాలయానికి ఇవ్వండి. నీటిలో మలసంబంధమైన క్రిములుంటే నల్లబడే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు చవకగా లభిస్తాయి. ప్రతి శాఖ వద్ద పది సీసాలుంటే ఫిర్యాదుకు ఆధారం చేతిలో ఉన్నట్లే.

అద్దె ఇళ్ళలో ఉన్న సోదరులు ఒంటరిగా యజమానిని అడగడానికి జంకవచ్చును. ఒకే భవనంలో ఉన్న నాలుగు కుటుంబాలు కలిసి అడిగితే అది బ్రతిమాలుకోవడం కాదు, సంప్రదింపు అవుతుంది. సంఘం అంటే ఏమిటో మనం పనిచేసే చోట నేర్చుకున్నాము. దానిని నివసించే చోట కూడా ఆచరించవలసి ఉన్నది.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనే అలవాటు మన పాలనా వ్యవస్థకు పాతది. ఒక క్వార్టరులో పిల్లవాడు చనిపోతే విచారణ సంఘం వేస్తారు, గొట్టాలు మారుస్తారు. ఆ పిల్లవాని ప్రాణం ధరగా చెల్లించకముందే ఆ గొట్టాలు మారవలెనన్నదే మా పట్టుదల. రాబోయే శాఖా సమావేశంలోనే ఈ అంశాన్ని చేపట్టండి. బ్లాకుకు ఇద్దరు చొప్పున బాధ్యులను ఎన్నుకొని, రెండు పరీక్షలూ ఇంటింటా జరిపి, వివరాలను వ్రాసి పెట్టండి. ఆ జాబితాతో రేపు యాజమాన్యం ఎదుట కూర్చోవలసినది మనమే.